హెల్మెట్టు ధరించిన శిశువు: దుస్తుల విషయము

మన యిండ్లలో పసిబిడ్డ తలను గూర్చి చూపు శ్రద్ధ మిక్కిలి హెచ్చు. మాడు మీద నూనె పెట్టుట, స్నానమైన పిదప సాంబ్రాణి ధూపము వేయుట, చలిగాలి సోకకుండ కుళ్ళాయి తొడుగుట, తల గుండ్రముగ రావలెనని అరచేతితో మెల్లగ ఒత్తుట తరతరములుగ వచ్చుచున్న ఆచారములు. అన్నియు ప్రేమ నుండి పుట్టినవే. అయితే వైద్యుల సలహాపై బిడ్డ తలకు హెల్మెట్టు తొడిగిన దినమున ఈ ఆచారములన్నియు ఒక్కసారిగ ప్రశ్నలుగ మారును. నూనె పెట్టవచ్చునా? కుళ్ళాయి హెల్మెట్టు క్రింద తొడుగవలెనా, పైన తొడుగవలెనా? చొక్కా తలమీదుగ ఎట్లు దిగును? అమెరికాలోని కూతుండ్రకు, కోడండ్రకు పురిటి సాయము చేయబోవు మన అమ్మమ్మలును నాయనమ్మలును ఈ ప్రశ్నల నెదుర్కొనుచున్నారు. హైదరాబాదు వంటి నగరములలో కూడ ఈ చికిత్స లభించుచున్నది. కావున ఇట్టి బిడ్డకు బట్టలు తొడుగుటలో గమనింపవలసిన సంగతులను ఇచ్చట విచారింతము.

ముందుగ ఈ హెల్మెట్టు స్వభావ మెట్టిదో తెలిసికొనవలెను. శిశువు కపాలము ఒకే ఎముక కాదు. అది అనేక ఫలకముల కూర్పు. వాటి నడుమ అతుకులు ఇంకను బిగియవు. మొదటి సంవత్సరమున మెదడు శీఘ్రముగ పెరుగును గనుక కపాలమును దానితోపాటు విస్తరించును. బిడ్డ ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు తల వాల్చి పరుండినచో ఆ ప్రక్క చదునగును. హెల్మెట్టు తలను నొక్కి సరిచేయునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. ఎత్తుగ నున్న చోట అది తలను అంటియుండును. చదునైన చోట లోపల ఖాళీ విడిచియుండును. పెరుగుదల ఆ ఖాళీ వైపునకు మరలును. పైన గట్టి ప్లాస్టిక్కు డొప్ప, లోపల మెత్తని నురుగు పొర, ప్రక్కన బిగించుటకు వెల్క్రో పట్టీ, ఇవి దాని అంగములు. సాధారణముగ దినమునకు 23 గంటలు దానిని ధరింపజేయుదురు. స్నానమునకును, శుభ్రపరచుటకును మిగిలిన ఒక్క గంట విడుపు.

ఈ చికిత్స నేటి అవసరమగుటకు ఒక కారణమున్నది. నిద్రలో శిశువులు హఠాత్తుగ మరణించుటను తగ్గింపదలచి, బిడ్డలను బోర్లా పరుండబెట్టరాదని 1992 లో అమెరికా శిశువైద్య సంఘము సూచించినది. 1994 లో అచ్చట దేశవ్యాప్తముగ ప్రచారోద్యమము మొదలైనది. పిమ్మట ఆ మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. అది గొప్ప మేలు. దానివెంట తల వెనుక చదునైన బిడ్డల సంఖ్య పెరిగినది. అంతకుముందే, 1979 లో, స్టెర్లింగ్ క్లారెన్ అను వైద్యుడును ఆయన సహచరులును హెల్మెట్టు చికిత్సను గూర్చి ప్రకటించియుండిరి. 1998 లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇట్టి ఉపకరణమునకు అనుమతి నొసగినది.

అయితే చదునైన ప్రతి తలకును హెల్మెట్టు అవసరము లేదు. బిడ్డ మెలకువగ నున్నపుడు పెద్దల కన్నుల యెదుట బోర్లా ఆడించుట, తల వాల్చు ప్రక్కను మార్చుచుండుట, మెడ బిగిసియున్నచో తగిన వ్యాయామము చేయించుట మొదటి మార్గములు. నెదర్లాండ్సులో 84 మంది శిశువులపై జరిపి 2014 లో ప్రకటించిన పరిశోధనలో, మధ్యస్థముగ గాని అంతకంటె కొంత హెచ్చుగ గాని వంకరయున్న బిడ్డలలో హెల్మెట్టు ధరించిన వారికిని ధరింపని వారికిని రెండేండ్ల వయస్సున చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. కపాలపు అతుకులు అకాలమున మూసికొనుట వేరొక వ్యాధి. దానికి శస్త్రచికిత్స కావలసియుండును. కావున నిర్ణయము వైద్యునిది. మన ఆవాల దిండును దీనికి ప్రత్యామ్నాయముగ భావింపరాదు. తల రూపము దిద్దుటకని అమ్మెడి దిండ్లను శిశువులకు వాడవద్దని, అవి ఊపిరికి అడ్డము కాగలవని అమెరికా నియంత్రణ సంస్థ 2022 లో హెచ్చరించినది.

ఇక బట్టల సంగతి. దీనికంతకును మూలమైన సూత్ర మొక్కటే: హెల్మెట్టును కూడ ఒక వస్త్రముగ లెక్కింపవలెను. పెద్దవారి తల దేహము పొడవులో సుమారు ఎనిమిదవ వంతు. అప్పుడే పుట్టిన శిశువు తల నాలుగవ వంతు. అనగా బిడ్డ ఒంటి వేడిమి బయటికి పోవు మార్గములలో తల చాల ముఖ్యమైనది. అంతటి తలను నురుగుతోను ప్లాస్టిక్కుతోను కప్పిన పిమ్మట, మిగిలిన దేహమునకు మునుపటి బట్టలే తొడిగినచో ఆ వేడి ఎటు పోవును? వేడి హెచ్చగుట నిద్రించు శిశువునకు ప్రమాదకరము. మన పెద్దలకు చలి భయము మెండు. ఈ బిడ్డ విషయమున భయపడవలసినది వేడికి. మునుపు రెండు పొరలు తొడుగుచున్నచో ఇప్పుడొకటి చాలును. మన వేసవిలో ఇంట నున్నపుడు పలుచని నూలు చొక్కా, లంగోటీ చాలును.

మొదటి వారము రెండు వారములు తల చాల చెమర్చును. తరువాత దేహము అలవాటు పడును. బిడ్డకు ఉక్కగ నున్నదో చలిగ నున్నదో తెలియుటకు అరచేతులను, పాదములను తాకి చూడరాదు. అవి సహజముగనే చల్లగ నుండును. మెడ వెనుక గాని, రొమ్ముపై గాని చేయి ఆన్చి చూడవలెను. అచ్చట తడిగ, వేడిగ నున్నచో ఒక పొర తీయవలెను. జ్వరము వచ్చినపుడు హెల్మెట్టు తీసి వైద్యునికి తెలుపవలెను.

చొక్కాల ఎంపికలో మెడ ముఖ్యము. ఇరుకైన మెడ గల చొక్కా హెల్మెట్టుపై దిగదు. బలవంతముగ లాగినచో హెల్మెట్టు స్థానము తప్పును. ముందు గుండీలున్నవి గాని, ప్రక్కన ముడివేయు బొందెలున్నవి గాని మేలు. పాత నేత చీర చించి మన అమ్మమ్మలు కుట్టిన జుబ్బాలు ఈ పనికి సరిగ సరిపోవును. మెత్తదనమునకును, గాలి ఆడుటకును వాటికి సాటి లేదు. బొందెలు మాత్రము పొట్టిగ నుండవలెను. మెడవద్ద పొడవైన త్రాళ్ళు పనికిరావు. భుజములవద్ద ఒక అంచు మరియొక అంచుపై మడతపడు చొక్కాలు దొరకును. వాటి మెడ వెడల్పుగ సాగును గనుక కాళ్ళ వైపు నుండి తొడుగవచ్చును, క్రిందికి లాగి తీయవచ్చును.

తలమీదుగ తొడుగవలసిన బట్టయే ఉన్నచో దానికి తగిన సమయము ఆ విడుపు గంటయే. స్నానము చేయించి, తల బాగుగ తుడిచి, పూర్తిగ ఆరిన పిదప చొక్కా తొడిగి, చివరకు హెల్మెట్టు పెట్టవలెను. తడి తలపై పెట్టినచో చర్మము చెడును. అన్నప్రాశన వంటి శుభకార్యము వచ్చినపుడు ఆ గంటను ముహూర్తమునకు కుదుర్చుకొన్నచో పట్టుబట్టలు తొడిగి, అక్షతలు వేసి, దీవింపవచ్చును. పుట్టువెంట్రుకలు తీయించదలచినచో హెల్మెట్టు అమర్చిన నిపుణునకు ముందుగ చెప్పవలెను.

కాలరులు, మెడచుట్టు కుచ్చులు, వీపున వ్రేలాడు టోపీలు గల బట్టలు విడువవలెను. బిడ్డ వెల్లకిల పరుండినపుడు ఆ మడత హెల్మెట్టు అంచును పైకి త్రోయును. అల్లిక ఉన్నియు, లేసును వెల్క్రో పట్టీకి తగులుకొనును.

హెల్మెట్టునకును తలకును నడుమ ఏదియు ఉండరాదు. కుళ్ళాయి గాని, గుడ్డ గాని, పిన్ను గాని పెట్టినచో కొలత తప్పి, ఒరసి పుండగును. నూనె, పౌడరు కూడ ఇంతే. నూనెజిడ్డు నురుగు పొరను అంటుకొని చెమటతో కలసి చర్మమును పాడుచేయును. ఒంటికి నూనె మర్దన చేయుటకు అడ్డు లేదు. తలను మాత్రము కొన్ని నెలలు విడువవలెను. సున్నిపిండి మాని తలను తేలికపాటి షాంపూతో కడుగవలెను. సాంబ్రాణి పొగ శిశువు ఊపిరికి మంచిది కాదు గనుక దానిని మానుటయే మేలు. దిష్టిచుక్క పాదమున పెట్టవచ్చును.

శీతల దేశములలో బయటికి పోవునపుడు హెల్మెట్టుపై వదులైన టోపీ పెట్టవచ్చును గాని ఇంటిలోనికి రాగానే తీయవలెను. కారులో శిశువు కుర్చీయందు కూర్చుండబెట్టునపుడు దళసరి కోటు తొడిగి పట్టీలు బిగింపరాదు. పట్టీలు బిగించి ఆపైన కంబళి కప్పవలెను. నిద్రలో తలపై మరే కప్పును ఉండరాదు. బోర్లపడుటకు ప్రయత్నించు వయస్సు వచ్చిన బిడ్డను గుడ్డలో చుట్టి పరుండబెట్టరాదు.

ప్రతిదినము విడుపు గంటలో చర్మమును పరీక్షింపవలెను. అంచు తగిలిన చోట కొద్ది ఎరుపు సహజము. అది గంటలోపల మాయము కావలెను. మాయము కానిచో, పొక్కు లేచినచో, హెల్మెట్టును తిరిగి తొడుగక నిపుణుని చూడవలెను. లోపలి పొరను నిపుణుడు చెప్పిన రీతిగ స్పిరిటుతో తుడిచి, బాగుగ ఆరిన పిమ్మటనే తొడుగవలెను. మన బట్టలవలె ఎండలో ఆరవేయరాదు. మండుటెండకును, తలుపులు మూసిన కారులోని వేడికిని ప్లాస్టిక్కు వంగును. అపుడు దాని కొలతయే చెడును.

చివరకు మరియొక మాట. హెల్మెట్టు పెట్టిన బిడ్డను చూచినవారు తలకు దెబ్బ తగిలినదా అని అడుగుదురు. ఆ ప్రశ్నకు వెరచి కొందరు తల్లులు బిడ్డ తలను కొంగుతోనో, పెద్ద టోపీతోనో కప్పుదురు. చూచువారి మాటకొరకు బిడ్డను ఉక్కపోతకు గురిచేయుట తగదు. “తల రూపము దిద్దుటకు పెట్టినారు, కొన్ని నెలలలో తీసివేయుదురు” అని చెప్పిన చాలును. చిన్న బొమ్మలు అంటించి హెల్మెట్టును అందముగ చేయువారును కలరు. గాలి ఆడు రంధ్రములు మూయనంతవరకు అందులో దోషము లేదు. నిపుణుని అడిగి చేసినచో మరియు మంచిది. పెద్దలు నూనెగిన్నెను, ఉన్ని కుళ్ళాయిని ఆ కొన్ని నెలలు ప్రక్కన పెట్టి, పలుచని జుబ్బా నొకదానిని కుట్టి ఇచ్చినచో, తల్లికి అంతకంటె మంచి సాయము లేదు.