పరిశ్రమలలో నిరీక్షణ కాలం

వేసవిలో శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ళను చూడండి. నీరు కదలక నిలిచి ఉంటుంది. పని ఏదీ జరుగుతున్నట్లు కనబడదు. గానుగాట రోజులలో చెఱకు మిల్లు గేటు ముందు బారులు తీరిన బండ్లు కూడ అట్లాగే నిలిచి ఉంటాయి. రెండు చోట్లా మనుష్యులు వేచి ఉన్నారు. కాని ఆ రెండు నిరీక్షణలూ ఒకటి కావు.

సముద్రపు నీటిలో నూటికి సుమారు మూడున్నర పాళ్ళు లవణాలు ఉన్నవి. ఎండకు, గాలికి నీరు ఆవిరి అయ్యేకొద్దీ అవి అన్నీ ఒక్కసారిగా గాక, ఒకదాని తరువాత ఒకటి విడిపోతాయి. తొలుత సున్నపు లవణాలు, పిమ్మట జిప్సం. నీరు సుమారు పదవ వంతుకు తగ్గి, బోమే హైడ్రోమీటరు 25 డిగ్రీలు దాటినప్పుడు మనం తినే ఉప్పు స్ఫటికాలు కడుతుంది. 29, 30 డిగ్రీల దగ్గర మిగిలిన నీటిని వదలివేయాలి. ఇంకా ఆగితే మెగ్నీషియం లవణాలు చేరి ఉప్పు చేదెక్కుతుంది, త్వరగా చెమ్మగిల్లుతుంది. ఇక్కడ ఎన్నాళ్ళు ఆగాలో చెప్పేది పంచాంగం కాదు, నీటి సాంద్రత. నడుమ ఒక్క అకాల వర్షం కురిస్తే అంతవరకు చేసిన నిరీక్షణ నిజంగానే నీళ్ళపాలు.

గోగునార సంగతీ ఇటువంటిదే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు ఈ నారకు భీమునిపట్నం రేవు పేరే వ్యాపారంలో నిలిచింది. కోసిన గోగు కట్టలను చెరువులో పది నుంచి ఇరవై రోజులు ఊరవేస్తారు. నారను కాడకు అంటిపెట్టుకొన్న పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని సూక్ష్మజీవులు కరిగిస్తాయి. ముందే తీస్తే బెరడు వదలదు. ఆలస్యమైతే నారలోని సెల్యులోజు కూడ దెబ్బతిని పీచు బలహీనపడుతుంది. అందువలన అనుభవజ్ఞుడైన రైతు కొన్ని రోజుల తరువాత కట్ట నుంచి ఒక కాడ లాగి, నార జారుతున్నదో లేదో చూస్తాడు. ప్రయోగశాల పరీక్షలకు ఇది ఏమీ తీసిపోదు.

చెఱకు దగ్గర ఆగడం వలన ఎవరికీ లాభం లేదు. కోసిన గడలో ఇన్వర్టేజు అనే ఎంజైము చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీలుస్తుంది. అవి మిల్లులో చక్కెర పలుకులుగా రావు. కోసిన కొనల నుంచి ప్రవేశించే సూక్ష్మజీవులు రసాన్ని జిగటగా మారుస్తాయి. గడ ఎండి బరువు తగ్గుతుంది. తీపి తగ్గితే మిల్లు నష్టపడుతుంది. బరువు తగ్గితే, తూకాన్ని బట్టి డబ్బు తీసుకొనే రైతు నష్టపడతాడు. అందుకే కోసిన 24 గంటలలో ఆడించడం మంచిదంటారు.

మరి మిల్లుకు శక్తి ఉండగా బారు ఎందుకు ఏర్పడుతుంది? ఇటువంటి ప్రశ్ననే డెన్మార్కు దేశస్థుడు ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ టెలిఫోనుల విషయంలో పరిశీలించి, 1909లో తొలి వ్యాసం ప్రకటించాడు. మిల్లు గంటకు సగటున 6 బండ్లు దింపుకోగలదని, 5 బండ్లు వస్తాయని అనుకొందాం. సరిగ్గా 12 నిమిషాలకొక బండి వచ్చి, సరిగ్గా 10 నిమిషాలలో ఖాళీ అయితే ఎవరూ ఆగనక్కరలేదు. కాని బండ్లు ఒకప్పుడు గుంపుగా వస్తాయి, ఒకప్పుడు అసలు రావు. రాక, దింపుడు రెండూ అట్లా క్రమం లేనివైతే, వచ్చే సంఖ్యను, దింపే సంఖ్యతోను, ఆ రెండింటి తేడాతోను భాగించాలి. 5ను 6తోను, 1తోను భాగిస్తే గంటలో ఆరింట ఐదు వంతులు, అనగా 50 నిమిషాలు. గంటకు 3 బండ్లే వస్తే 10 నిమిషాలు చాలు. ఐదున్నర అయితే 110 నిమిషాలు! అరబండి పెరిగేసరికి ఆగే కాలం రెట్టింపు దాటింది.

ఏ పొలం ఏ రోజు కోయాలో మిల్లులు ముందుగా చీటీలు ఇవ్వడం ఇందుకే. రద్దీ గంటలలో 5కు బదులు 4 బండ్లు వచ్చేట్లు సర్దితే, 50 నిమిషాలు 20కి దిగుతాయి.