బీడునేలలో పూచిన బతుకమ్మ

మన దేవతార్చనకు సాధారణముగా ఏ పూవులు తెత్తుము? మల్లెలు, జాజులు, చేమంతులు, మందారములు. ఇవి పెరటిలో నీరు పోసి పెంచినవి గాని, అంగడిలో మూరలకొలది కొన్నవి గాని యై యుండును. ఎవ్వరును నాటక, నీరు పోయక, రాళ్ళ సందులలో తమంత తాము పూచిన పూవులకు దేవుని పీటకడ చోటు దొరకుట యరుదు. అట్టి పూవులనే దేవతగా పేర్చి, వాని చుట్టు తిరుగుచు పాడు ఆచారము తెలంగాణమున నున్నది. పూవులతో దేవతను పూజించుట యెల్లెడల గలదు. పూవులనే దేవతగా జేసి పూజించుట బతుకమ్మ పండుగలోని విశేషము.

ఈ కళ యెట్టి నేలలో పుట్టినదో తెలియవలెనన్న మోత్కూరు వంటి యూరి చుట్టుపట్ల చూడవలెను. మోత్కూరు 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది. ఆ యేడు జిల్లాలను విభజించినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఇది మెట్టప్రాంతము. ఎఱ్ఱని చెలకలు, నడుమ నడుమ బండలు, దూరమున బోడిగుట్టలు. జిల్లాలో ఏటికి సగటున కురియు వాన 750 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. అదియు అదనున కురియునన్న నమ్మకము లేదు. వాన తప్పిన యేట చెలకను దున్నక విడిచి, ఇంటిల్లిపాదియు కూలికై పరదేశము పోవుట ఈ ప్రాంతమునకును, దీనికి పడమట నున్న మహబూబునగరమునకును క్రొత్త గాదు. ఆనకట్టలు, కాలువలు త్రవ్విన చోట్ల నెల్ల పాలమూరు కూలీల పేరు తెలియనివారు లేరు.

మనుష్యులు విడిచిపోయిన యా నేల యూరకుండదు. చెలకలో గునుగు మొలచును. గట్టుమీదను గుట్టవాలునను తంగేడు పూచును. గునుగు రైతునకు కలుపు మొక్క. జొన్నచేనిలో పడినచో పంటతో పోటీపడి యెదుగును. లేతగా నున్నప్పుడు దాని యాకును కూర వండుకొందురు గాని, ముదిరినపిదప పెరికి గట్టున వేయవలసినదే. తంగేడు మరింత మొండిది. వేరు లోతుగా దిగుటచే వానలు వెనుకబడినను పచ్చగా నిలుచును. పశువులు దానిని మేయుట తక్కువ. దాని పట్టను తోళ్ళు ఊనుటకు వాడుదురు. పంట యెండిన యేటను దసరా దినములకు తంగేడు పసుపుపచ్చగా పూయక మానదు. ఇప్పుడిది తెలంగాణ రాష్ట్రపుష్పము.

ఇక పేర్చుట. దీనిని చూచినవారు సులభమనుకొందురు. చేతులతో చేసినవారికి దాని కష్టము తెలియును. మగవారును పిల్లలును చెలకలవెంట తిరిగి పూవు కోసి తెత్తురు. తెచ్చిన పూవును కళగా మార్చుట స్త్రీల పని. గునుగు కాడలను సమముగా కత్తిరించి, చిన్న చిన్న కట్టలు గట్టి, కొనలను రంగునీటిలో ముంచి ఆరబెట్టుదురు. కొన్ని తెల్లగానే యుంచుదురు. ఇత్తడి తాంబాళమునందు గాని, వెదురు సిబ్బియందు గాని గుమ్మడియాకులో ఆముదపుటాకులో పఱచి, అంచువెంట తంగేడు గుత్తులు వరుసగా నమర్తురు. పూవు వెలుపలికి, కాడ లోపలికి. దానిపై గునుగు వరుస, ఆపై బంతి, మరల తంగేడు. ఇట్లు వరుస వరుసకు చుట్టు తగ్గించుచు గోపురమువలె పైకి తెత్తురు. నడుమ నేర్పడు గుంతను తుంచిన కాడలతోను ఆకులతోను గట్టిగా కూరుదురు. ఈ కూరుట వదులైనచో నాలుగు వరుసలు లేవగనే బతుకమ్మ ఒక ప్రక్కకు ఒరగును. చూపరులకు కనబడునది పూవు. నిలబెట్టునది లోపలి చెత్త. తంగేటిపూవు త్వరగా వాడును గాని, గునుగు స్వభావముచేతనే కాగితమువలె పొడిగా నుండి వాడదు. కాడయు బిరుసు, పై బరువును మోయును. చేనికి పనికిరాని మొక్కలో ఈ గుణమును కనిపెట్టిన తొలి యిల్లాలెవరో గాని, ఆమె శిల్పియే. కొనయందు గుమ్మడిపూవు నుంచి, పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుదురు.

పెత్రమాసనాటి ఎంగిలిపూల బతుకమ్మ మొదలుకొని సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు పండుగ. ఆఱవనాడు అలిగిన బతుకమ్మ, ఆనాడు పేర్చరు. దేవతకును ఒకనాడు అలుగు హక్కు నిచ్చిన పండుగ మఱియొకటి యున్నదా యని నాకు సందేహము.

బతుకమ్మ యను పేరునకు కథలు పెక్కు గలవు. నూర్గురు బిడ్డలను పోగొట్టుకొన్న రాజదంపతులకు కలిగిన శిశువును బ్రతుకుమని దీవించి పిలిచిరన్నది వానిలోనొకటి. కథ యేదైనను పేరులోని కోరిక యొక్కటే. బిడ్డలు దక్కుట అరుదైన కాలమున, పంట నిలుచుట అరుదైన నేలమీద, ఏ పోషణయు లేక బ్రతికిన పూవును ఎదుట బెట్టుకొని తల్లులు ‘బ్రతుకు’ అని పాడిరి. పుట్టినిల్లు, అత్తవారిల్లు, అన్నదమ్ముల మమత, సీతమ్మ కష్టములు, ఊరిలో జరిగిన అన్యాయములు, అన్నియు ‘ఉయ్యాలో’ యను పల్లవిలో నిమిడినవి. చదువు రాని స్త్రీలకు ఇది పుస్తకమును, సభయును గూడ నైనది.

2014లో బతుకమ్మ రాష్ట్రపండుగ యైనది. 2016లో హైదరాబాదునందు తొమ్మిదివేలకు పైగా స్త్రీలు ఒక్కచో నాడి గిన్నిస్ పుస్తకమున కెక్కిరి. ఈ గౌరవము సంతోషింపదగినదే. కాని గౌరవము పెరుగుచుండగా పూవు తఱుగుచున్నది. ప్రత్తిచేలలోను వరిపొలములలోను కలుపుమందు చల్లినచోట గునుగు మొలవదు. ఊరిప్రక్క బీడు ఇండ్ల స్థలములుగా మారినప్పుడు మొదట కొట్టివేయునది తంగేటిపొదనే. ఒకప్పుడు వెల లేని గునుగు నేడు పట్టణపు సంతలో కట్టకింతయని అమ్ముడగుచున్నది. కొందఱు కాగితపు పూవులతో సరిపెట్టుకొనుచున్నారు. కేరళదేశమునందును ఇట్లే జరిగినది. ఓణమునాడు వాకిట తీర్చు పూలముగ్గునకు పూర్వము పొలముగట్లపై దొరకు తుమ్మిపూలు మొదలగునవి పిల్లలు ఏరి తెచ్చెడివారు. ఇప్పుడు తమిళనాటినుండియు కర్ణాటకమునుండియు బండ్లకొలది బంతిపూలు దిగుమతి యగుచున్నవి. ముగ్గు పెద్దదైనది, పిల్లలకు గట్టు తెలియకున్నది.

రైతును కలుపు తీయవద్దనుట న్యాయము గాదు. ఆ కలుపు తీయు కూలి యెంత నడుము విఱచునో మన స్త్రీలకే యెక్కువ తెలియును. కాని చెలక యంచున ఒక సాలు వెడల్పు, చెరువుకట్ట వాలు, బడి వెనుక ఖాళీ జాగా, ఇట్టివి మందు పడని చోట్లు ప్రతి యూరిలోను ఉండవచ్చును. గునుగు విత్తనము నల్లగా మెఱయుచు ఆవగింజకన్న చిన్నదిగా నుండును. పండుగ ముగిసిన తరువాత చేలగట్లపై ముదిరి యెండిన కంకులను గుడ్డలో దులిపి, సీసాలో దాచి, మృగశిర కార్తె వానలకు చల్లినచో దసరానాటికి పూవు వచ్చును. తంగేడు కాయ బల్లపరుపుగా నుండును. దాని గింజ గట్టిది గనుక ఒక రాత్రి నీట నానవేసి నాటవలెను. నాటిన మొదటియేడు పూవు నాశింపరాదు.