భిలాయి ఉక్కు – విదేశీ వాణిజ్యంలో మూడు పాఠాలు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం సొంత దల్లీ-రాజహరా గనుల నుంచి వస్తుంది. కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగం మాత్రం ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఓడల్లో విశాఖపట్నానికి, అక్కడి నుంచి రైళ్లలో భిలాయికి చేరుతుంది. దేశంలో బొగ్గు ఇంత ఉండగా దిగుమతి ఎందుకు?

ఎందుకు కొంటాం?

మన కోకింగ్ బొగ్గులో బూడిద ఎక్కువ. బూడిద పెరిగితే బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ ఎక్కువ ఖర్చవుతుంది, ఇనుము దిగుబడి తగ్గుతుంది. వనరుల్లో ఇలాంటి తేడా వాణిజ్యానికి ఒక కారణం.

రెండో కారణాన్ని 1817లో డేవిడ్ రికార్డో వివరించాడు. ఏడాదికి కొంత వైన్ తయారీకి పోర్చుగల్‌లో 80 మంది, కొంత బట్టకు 90 మంది కావాలి. ఇంగ్లండ్‌లో వాటికే 120, 100 మంది కావాలి. పోర్చుగల్‌కు రెండూ తక్కువ శ్రమతోనే వస్తాయి. అయినా 80 మంది చేసిన వైన్ ఇచ్చి, 90 మంది శ్రమ పట్టే బట్ట తెచ్చుకుంటే దానికి లాభమే. 100 మంది చేసిన బట్టకు, 120 మంది శ్రమ పట్టే వైన్ పొందే ఇంగ్లండ్‌కూ లాభమే. దీన్నే తులనాత్మక ప్రయోజనం అంటారు.

ఎలా చెల్లిస్తాం?

దిగుమతులకు విదేశీ మారకద్రవ్యం కావాలి. అది కొరతగా ఉన్న రోజుల్లో, 1955 ఫిబ్రవరి 2న భిలాయి కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. యంత్రాల అప్పుపై వడ్డీ 2.5 శాతం, తీర్చేది 12 వార్షిక వాయిదాల్లో, రూపాయల్లో. ఆ రూపాయలతో సోవియట్ యూనియన్ మన సరుకులు కొనేది. అంటే యంత్రాల వెలను చివరికి మన ఎగుమతులే తీర్చాయి. తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది.

సుంకం ఎవరికి మేలు?

2025 ఏప్రిల్ 21న కేంద్రం ప్లేట్లు సహా కొన్ని ఉక్కు ఉత్పత్తుల దిగుమతులపై 200 రోజులపాటు 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించింది. విదేశీ ప్లేటు ప్రియమైతే, ప్లేట్లు తయారుచేసే భిలాయి కర్మాగారానికి ఊరట. కానీ ప్లేటు కొని ట్యాంకులు, యంత్ర భాగాలు తయారుచేసే చిన్న వర్క్‌షాపుకు ముడిసరుకు ఖర్చు పెరుగుతుంది. ఆ భారం కొంత కూలీపై, కొంత కొనుగోలుదారుపై పడవచ్చు.

అదే ఉక్కు కర్మాగారానికి బొగ్గుపై మాత్రం సుంకం లేకపోవడమే మేలు. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్-ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం ఆస్ట్రేలియా బొగ్గుపై దిగుమతి సుంకాన్ని తొలగించింది. కాబట్టి ఏ సుంకాన్నయినా బేరీజు వేసేటప్పుడు ఆ సరుకును అమ్మేవారితోపాటు, దాన్నే ముడిసరుకుగా వాడుకునేవారినీ లెక్కలోకి తీసుకోవాలి.