టోన్ ఆర్మ్‌కు నూనె ఎక్కడ పోయాలి?

ఎల్పీ రికార్డులో పాటకీ పాటకీ మధ్య ఉండే నిశ్శబ్దంలో స్పీకర్ ముందున్న గుడ్డ తీసి చూస్తే చాలా ఇళ్లలో ఒక వింత కనిపిస్తుంది. చెవికి ఏమీ వినపడదు, కానీ పెద్ద స్పీకర్ కోన్ మాత్రం ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. ఆంప్లిఫయర్ పాడైందని కొందరు, మోటారు అదురుతోందని కొందరు అనుకుంటారు. చాలావరకు ఆ ఊగుడు పుట్టేది సూదిని మోసే టోన్ ఆర్మ్ దగ్గర. దాన్ని అదుపులో పెట్టడానికి ఇంజనీర్లు ఎన్నో దశాబ్దాలుగా జిగట నూనెలు, అయస్కాంతాలు, బ్రష్షులు, మోటార్లు వాడుతూ వచ్చారు. అందరూ అడిగిన ప్రశ్న డాంపింగ్, అంటే ఊగుడును అణిచే అడ్డు, ఎంత ఉండాలని. ఎక్కడ ఉండాలని అడిగినవాళ్లు తక్కువ. అసలు కిటుకు మాత్రం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

సూదిని పట్టుకునే సన్నని కడ్డీని కాంటిలీవర్ అంటారు. దాని మొదలు, సూది కదలికను విద్యుత్తుగా మార్చే కార్ట్రిడ్జ్ లోపల చిన్న రబ్బరు ముక్కలో కూర్చుని ఉంటుంది. ఆ రబ్బరు స్ప్రింగు పని చేస్తుంది. దాని మీద కార్ట్రిడ్జ్, ఆర్మ్ బరువుగా నిలుస్తాయి. స్ప్రింగు, బరువు జత కలిస్తే ఒక సహజ పౌనఃపున్యం, అంటే అనునాద పౌనఃపున్యం, తప్పదు. స్ప్రింగు ఎంత మెత్తనిదో చెప్పే అంకె కాంప్లయన్స్: మిల్లీన్యూటన్ బలానికి సూది ఎన్ని మైక్రాన్లు కదులుతుందన్న లెక్క. ఆర్మ్ వైపు అంకె ఎఫెక్టివ్ మాస్. ఇది త్రాసులో తూచే బరువు కాదు, పివట్ అనే ఇరుసు చుట్టూ తిరగడానికి ఆర్మ్ చూపే జడత్వాన్ని సూది దగ్గరి ద్రవ్యరాశిగా మార్చి చెప్పడం. ఆర్మ్, కార్ట్రిడ్జ్ రెండింటి గ్రాములు కూడి, ఆ మొత్తాన్ని కాంప్లయన్స్‌తో గుణించి, వర్గమూలం తీసి, 159ని దానితో భాగిస్తే అనునాద పౌనఃపున్యం హెర్ట్జ్‌లలో వస్తుంది. 11 గ్రాముల ఆర్మ్‌కు 6 గ్రాముల కార్ట్రిడ్జ్ బిగిస్తే 17. కాంప్లయన్స్ 15 అయితే జవాబు దాదాపు 10 హెర్ట్జ్.

ఆ 10 చక్కని చోటు. సంగీతం 20 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. రికార్డు వంకరల బెడద ఎక్కువగా 6 హెర్ట్జ్‌కు కిందే ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు మీద ఒక చుట్టుకు ఒకసారి వచ్చే ఎత్తుపల్లం 0.55 హెర్ట్జ్. బయటి గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది కాబట్టి, అక్కడ 12-13 సెంటీమీటర్ల పొడవున్న ఉబ్బు 4 హెర్ట్జ్ కదలికను పుట్టిస్తుంది. అనునాదం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడితే రెండు వైపులా కొంత ఖాళీ మిగులుతుంది.

కార్ట్రిడ్జ్ తన శరీరానికీ సూదికీ మధ్య ఉన్న తేడా కదలికను మాత్రమే విద్యుత్తుగా మారుస్తుంది. అనునాదానికి బాగా కింద ఆర్మ్ మొత్తం గాడితో పాటు లేచి దిగుతుంది, తేడా ఉండదు, సిగ్నల్ రాదు. బాగా పైన ఆర్మ్ కదలక నిలబడుతుంది, సూది ఒక్కటే కదులుతుంది, సంగీతం పూర్తిగా వస్తుంది. సరిగ్గా అనునాదం దగ్గర తేడా కదలిక గాడి కదలిక కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. రబ్బరులోని సహజమైన ఘర్షణ తప్ప వేరే డాంపింగ్ లేని జతలో అది 5 రెట్లు ఉందనుకుంటే లెక్కలకు అనుకూలంగా ఉంటుంది. కోన్ ఊగేది అందుకే. ఆర్మ్ పైకీ కిందికీ ఊగేటప్పుడు సూది మొన గాడి వెంట కూడా కొద్దిగా ముందూ వెనకా జరుగుతుంది. దానితో శ్రుతి కదులుతుంది. పియానో మీద సాగదీసిన ఒక్క స్వరం వణికినట్టు వినిపించేది అప్పుడే.

డాంపింగ్‌ను టోన్ ఆర్మ్‌లోకి గట్టిగా తెచ్చినవారిలో కొలంబియా రికార్డ్స్‌కు చెందిన విలియం బాక్‌మన్ ముందుంటాడు. అతని పద్ధతిలో 1950లలో గ్రే సంస్థ అమ్మిన 108 రకం ఆర్మ్ ఒకే మొన మీద నిలిచేది. ఆ బేరింగ్ చుట్టూ చిక్కటి ద్రవం ఉండేది. చేతిలోంచి వదిలేసినా ఆర్మ్ ధబ్బున పడకుండా నెమ్మదిగా రికార్డు మీదికి దిగేది. ఆ కాలపు కార్ట్రిడ్జ్‌లకు అది సరైన మందే. వాటి స్ప్రింగులు బిరుసు, ఆర్మ్‌లు బరువు. కాంప్లయన్స్ 2, మొత్తం ద్రవ్యరాశి 35 గ్రాములైతే అనునాదం 19 హెర్ట్జ్. అంటే సంగీతపు అంచులోనే ఒక గూని. సూది మీద 5 గ్రాములు, అంతకు మించి బరువు ఉండేది కాబట్టి రికార్డు కొద్దిగా వంకరగా ఉన్నా గాడి వదిలేది కాదు.

తరువాతి ఇరవై ఏళ్లలో కార్ట్రిడ్జ్ మారిపోయింది. సూది మీది బరువు గ్రామున్నరకూ గ్రాముకూ దిగింది, కాంప్లయన్స్ 30 దాకా ఎగబాకింది. ఆర్మ్‌లు మాత్రం అంత తేలిక కాలేదు. మొత్తం 25 గ్రాములు, కాంప్లయన్స్ 30 అయితే అనునాదం 5.8 హెర్ట్జ్, సరిగ్గా వంకరల మధ్యలో. దానికి మళ్లీ నూనె తొట్లు వచ్చాయి. ఎస్‌ఎమ్‌ఈ తన 3009 ఆర్మ్‌లకు ఎఫ్‌డి200 అనే తొట్టి అమ్మింది. ఆర్మ్‌కు బిగించిన తెడ్డు ఆ తొట్టిలోని సిలికోన్ నూనెలో మునిగి ఉంటుంది. తెడ్డు వెడల్పు మారిస్తే డాంపింగ్ మారుతుంది. ప్రచారంలో అందరూ వాడిన పోలిక కారు షాక్ అబ్జార్బర్. ఆ పోలికే దారి తప్పించింది. కారు షాక్ అబ్జార్బర్‌కు ఒక కొస చక్రం దగ్గర ఉంటుంది, చక్రం రోడ్డుతో పాటు కదులుతుంది. టోన్ ఆర్మ్ తొట్టి మాత్రం కదలని చట్రానికి బిగించి ఉంటుంది. కారును రోడ్డుకు కాక ఆకాశంలోని కొక్కేనికి కట్టినట్టు.

దీని ఫలితం లెక్కలో తేటగా కనిపిస్తుంది. పైన చెప్పిన 10 హెర్ట్జ్ జతనే తీసుకుని, రికార్డు మీద 2.5 హెర్ట్జ్ వంకర ఉందనీ, అది సూదిని నడిమి మట్టానికి అర మిల్లీమీటరు పైకీ అంతే కిందికీ కదిలిస్తుందనీ అనుకుంటే చాలు. నూనె లేనప్పుడు తేడా కదలిక వంకరలో పదిహేనో వంతు, 33 మైక్రాన్లు. స్ప్రింగు బలంగా మారిస్తే దాదాపు 0.23 గ్రాములు. సూది మీది గ్రామున్నర బరువు 1.27కూ 1.73కూ మధ్య ఆడుతుంది. అది ఫరవాలేదు. ఇప్పుడు చట్రానికి బిగించిన తొట్టిలో నూనె పోసి అనునాదాన్ని అణిచేస్తే, 10 హెర్ట్జ్ దగ్గరి 5 రెట్ల శిఖరం 1.4 రెట్లకు దిగుతుంది. చూడ్డానికి గొప్ప విజయం. కానీ వంకర మీద ఆర్మ్ లేవబోతే నూనె వెనక్కి లాగుతుంది, దిగబోతే పట్టి ఆపుతుంది. ఆ బలమంతా కాంటిలీవర్ గుండానే పోవాలి. 2.5 హెర్ట్జ్ దగ్గర తేడా కదలిక 133 మైక్రాన్లకు పెరుగుతుంది, అంటే నాలుగు రెట్లు. సూది మీది బరువు 0.6 నుంచి 2.4 గ్రాముల మధ్య ఊగుతుంది. నూనె ఇంకా పోసి, పుస్తకాల్లో ఆదర్శంగా చెప్పే క్రిటికల్ డాంపింగ్ దాకా తీసుకెళితే ఊగుడు 1.6 గ్రాములు దాటుతుంది. గ్రామున్నరలోంచి 1.6 తీసేస్తే మిగిలేదేమీ లేదు. వంకర దిగేటప్పుడు సూది గాడిని విడిచి గాలిలోకి లేస్తుంది. అనునాదాన్ని పూర్తిగా చంపిన ఆర్మ్, రికార్డును వెంబడించడం మానేస్తుంది.

షూర్ సంస్థ ఇంజనీర్లు హాప్, కార్లోవ్ రికార్డుల వంకరలను కొలిచి 1973లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీకి సమర్పించిన పత్రం ఈ రంగంలో మైలురాయి. ఆ దారిలో సాగిన ఆలోచనకు 1978లో వచ్చిన వి15 టైప్ 4 కార్ట్రిడ్జ్ ముక్కు మీద ఒక చిన్న బ్రష్షు రూపం వచ్చింది. సన్నని కార్బన్ పోగుల ఆ బ్రష్షును చాలామంది దుమ్ము తుడిచేదనే అనుకున్నారు. దుమ్ము తుడుస్తుంది, స్థిర విద్యుత్తును కూడా దించేస్తుంది. కానీ దాని అసలు ప్రాణం మడతబందులో ఉన్న జిగట ద్రవం. బ్రష్షు రికార్డు మీద నడుస్తుంది, కార్ట్రిడ్జ్‌కు ఆ ద్రవంతో కట్టుబడి ఉంటుంది. అంటే డాంపర్ రెండో కొస కదలని చట్రానికి కాక వంకర తిరిగిన రికార్డుకే తగిలించారు. రికార్డు లేస్తే బ్రష్షు ఆర్మ్‌ను పైకి తోస్తుంది, దిగితే కిందికి లాగుతుంది. అదే లెక్క మళ్లీ వేస్తే అనునాదం దగ్గర తేడా కదలిక 5 రెట్ల నుంచి ఒక రెట్టుకు దిగుతుంది. 2.5 హెర్ట్జ్ దగ్గర 33 మైక్రాన్లు 32 అవుతాయి. శిఖరం పోయింది, వంకరల దగ్గర ఏమీ చెడలేదు. టోన్ ఆర్మ్‌ల చరిత్రలో ఇంత తక్కువ సరంజామాతో ఇంత సరైన జవాబు ఇంకొకటి లేదు. బ్రష్షు అర గ్రాము మోస్తుంది కాబట్టి ఆర్మ్ మీద బరువు అర గ్రాము పెంచి పెట్టుకోవాలి, అంతే ఖర్చు.

చట్రానికి కట్టిన డాంపర్ అన్ని దిక్కులా తప్పు కాదు. పక్కలకు జరిగే కదలికలో వంకరల బెడద లేదు. రంధ్రం మధ్యలో లేని రికార్డు ఆర్మ్‌ను అటూ ఇటూ తిప్పుతుంది గాని, అది 0.55 హెర్ట్జ్ మాత్రమే. మధ్యరేఖకు పదో వంతు మిల్లీమీటరు తేడా ఉన్నా, నూనె వల్ల సూది మీద పడే పక్కబలం గ్రాములో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పైగా రికార్డులో బేస్ ధ్వనులు ఎక్కువగా పక్కకదలికలోనే చెక్కి ఉంటాయి. జపాన్‌లో డైనవెక్టర్ సంస్థ స్థాపకుడు నోబోరు తోమినారి ఈ తేడాను పట్టుకుని డీవీ-505 ఆర్మ్ తయారుచేశాడు. నిలువుకు పొట్టి, తేలిక చేయి. అడ్డానికి బరువైన దూలం, దాని ఊగుడును అణచడానికి అయస్కాంతాల మధ్య లోహంలో పుట్టే సుడి విద్యుత్తు. చూపుకు వింతగా ఉన్నా తర్కం తిరుగులేనిది.

నూనె తొట్టి పివట్ నుంచి ఎంత దూరంలో ఉందన్నదీ ముఖ్యమే. పివట్‌కు 1.5 సెంటీమీటర్ల దూరంలో తెడ్డు, 23 సెంటీమీటర్ల దూరంలో సూది ఉంటే, సూది దగ్గర పనిచేసినట్టే పనిచేయడానికి అక్కడి డాంపింగ్ 235 రెట్లు కావాలి. నిష్పత్తి వర్గం చొప్పున పెరగడమే కారణం. పివట్ దగ్గరి తొట్లలో నీటికి లక్ష రెట్ల స్నిగ్ధత గల సిలికోన్ నూనె పోసేది అందుకే. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో జాక్ డిన్స్‌డేల్ బృందం తొట్టిని తీసుకొచ్చి కార్ట్రిడ్జ్ పక్కనే పెట్టింది. తరువాత అది టౌన్‌షెండ్ రాక్ టర్న్‌టేబుల్‌గా బజారుకు వచ్చింది. ఆర్మ్ గొట్టం వంగే స్వభావం డాంపర్‌కూ సూదికీ మధ్య అడ్డుపడకపోవడం దాని మేలు. కానీ వంకర రికార్డు మీద చట్రానికి కట్టినందుకు పడే శిక్ష దానికీ తప్పదు. కొసన పెట్టిన నూనె పలచగా ఉన్నా బలంగా పనిచేస్తుంది కాబట్టి తెడ్డును తగుమాత్రంగానే ముంచాలి.

1980లలో గాలి మళ్లింది. రెగా ఆర్‌బి300 వంటి బిగువైన, ఒకే పోతతో చేసిన ఆర్మ్‌లు వచ్చాక నూనె సంగీతాన్ని మొద్దుబారుస్తుందన్న మాట బలపడింది. దాంట్లో సగం నిజం ఉంది. మధ్యస్థ కాంప్లయన్స్‌తో అనునాదం 10 దగ్గర పడే జతకు నూనె పెద్దగా అవసరం లేదు. మిగతా సగం తప్పు. గొట్టం వందల హెర్ట్జ్‌లలో మోగడం ఒక సమస్య, 10 హెర్ట్జ్ దగ్గర మొత్తం ఆర్మ్ ఊగడం వేరే సమస్య. గొట్టం ఎంత బిరుసైనా రెండోదాన్ని ముట్టుకోదు.

వాడుకలోకి వస్తే, తొట్టి కొనేముందు లెక్క వేయడమే పని. అక్కడ జపాన్ కార్ట్రిడ్జ్‌ల పట్టికలు చాలామందిని మోసం చేస్తాయి. ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో తయారైన డెనాన్ డీఎల్-103 కాంప్లయన్స్ 5 అని ఉంటుంది. అది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచినది. దాని 8.5 గ్రాములను 11 గ్రాముల ఆర్మ్‌కు కలిపి ఆ 5తో లెక్కిస్తే 16 హెర్ట్జ్ వస్తుంది, బరువైన ఆర్మ్ కోసం వెతుకులాట మొదలవుతుంది. అనునాదం దగ్గర రబ్బరు ఒకటిన్నర నుంచి రెండింతలు మెత్తగా ఉంటుంది. 10 అని వేసుకుంటే 11.4 హెర్ట్జ్ వస్తుంది, ఉన్న ఆర్మే సరిపోతుంది. పరీక్ష రికార్డు ఉంటే ఇంకా మంచిది. 25 హెర్ట్జ్ నుంచి 5 దాకా దిగే స్వరాలు వస్తుండగా కార్ట్రిడ్జ్ ఎక్కడ కళ్లకు కనిపించేంతగా వణుకుతుందో చూస్తే చాలు. తొట్టి ఉన్నవాళ్లు నూనె కొద్దిగా పోసి, వంకర ఉన్న రికార్డు మీద కార్ట్రిడ్జ్ ఒంపులతో పాటు తేలిగ్గా లేచి దిగుతుందో లేదో చూసుకున్నాకే ఇంకాస్త పోయాలి. బ్రష్షును మాత్రం షూర్ నుంచి కొత్తగా కొనే వీలు పోయింది. షూర్ సంస్థ చివరిదాకా దాన్ని ఎమ్97ఎక్స్‌ఈ మీద కొనసాగించి, 2018లో ఫోనో కార్ట్రిడ్జ్‌ల తయారీనే ఆపేసింది.