చెక్కు ‘మార్చుకొనుట’: ఇంగ్లీషు మాటల భేదము

కాగితమును రొక్కము చేసికొనుటకు మన రైతులకు ఒకే మాట కలదు: ‘మార్చుకొనుట’. పెద్దనోటైనను, చెక్కైనను, తపాలా పత్రమైనను మార్చుకొనుటయే. బ్యాంకి కాగితములపై మాత్రము ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఇంగ్లీషు మాట యున్నది. ఆ భేదము తెలియనిచో సొమ్మునకు చేటు గనుక ఇచ్చట కొన్నిటిని వివరించుచున్నాము.

దిల్‌సుఖ్‌నగరునకును ఎల్బీనగరునకును నడుమ గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు చాలకాలము నడచి, 2021-22లో బాటసింగారమునకు తరలింపబడెను. బత్తాయి తెచ్చిన రైతునకు తక్‌పట్టీతో చెక్కు నిచ్చినపుడు, మొదట దాని యెడమ మూలను చూడవలెను. రెండు గీతలున్నచో అది క్రాస్ చెక్కు. ఖాతాలో వేసినగాని సొమ్ము రాదు, కౌంటరునొద్ద ‘ఎన్‌క్యాష్’ చేయరు. (ఈ ‘ఎన్‌క్యాష్’ మన దేశమున విరివిగా వాడు మాట, ఇంగ్లండువారు సాధారణముగ ‘క్యాష్’ అనియే యందురు.) గీతలు లేక ‘బేరర్’ అని యున్నచో తెచ్చినవానికి చెల్లును. ‘ఆర్డర్’ చెక్కు పేరుగలవానికో, అతడు వెనుక వ్రాసి యిచ్చినవానికో చెల్లును. అట్లు వ్రాసి యిచ్చుటయే ‘ఎండార్స్’. ఎవరి పేరును వ్రాయక వట్టి చేవ్రాలు చేసినచో అదియు బేరరు చెక్కువంటిదే యగును. కావున దళారి దుకాణమున వెనుక వ్రాలు చేయరాదు. బ్యాంకి కౌంటరునొద్దనే చేయవలెను. 2018 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము రైతుబంధు క్రింద ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున చెక్కులు పంచినపుడు, అంతకుముందు చెక్కు ముఖమెరుగని యిండ్లకును అవి చేరెను.

‘డిస్కౌంట్’ అను మాట దిల్‌సుఖ్‌నగరు బట్టల దుకాణములలో మనకు లాభము. గడువు రాని బిల్లు విషయమున నష్టము. 90 దినములకు చెల్లు లక్ష రూపాయల బిల్లును నేడే యిచ్చి, సాలుకు నూటికి 12 చొప్పున వడ్డీ ముందే కోయించుకొన్నచో చేతికి వచ్చునది సుమారు 97,000. పెద్దలు దీనినే వట్టమనిరి. ‘రిడీమ్’ అనగా విడిపించుకొనుట. కుదువ బంగారమునకు మనము సొమ్ము చెల్లింతుము, ఫండు యూనిట్లకు పుచ్చుకొందుము, మాట యొకటే.

‘ఆనర్’ అనగా గౌరవమని బడిలో చదివితిమి. చెక్కు ‘డిజానర్’ అయినదన్న ఎవరికో అవమానము జరిగినదని కాదు; బ్యాంకి చెల్లింపలేదని. ఖాతాలో సొమ్ము చాలక చెక్కు తిరిగివచ్చినచో, బ్యాంకి తెలిపిన 30 దినములలోగా చెక్కిచ్చినవానికి వ్రాతపూర్వకముగ నోటీసు పంపవలెను. అది యందిన 15 దినములలో అతడు చెల్లింపనిచో, ఆపై నెలలోగా మేజిస్ట్రేటు కోర్టున ఫిర్యాదు చేయవచ్చును. 1881 నాటి చట్టమునకు చేర్చిన ఈ 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. 2015 సవరణచే, ఖాతాలో వేసిన చెక్కైనచో మన ఖాతా గల శాఖ యే కోర్టు పరిధిలో నున్నదో అచ్చటనే కేసు. వ్యాపారి కొత్తపేటవాడైనంతమాత్రమున నల్లగొండ రైతు ఎల్బీనగరు కోర్టుల చుట్టు తిరుగనక్కరలేదు.

చెక్కును దానిపై గల తేదీ నుండి 3 మాసములలోగా వేయవలెను. 2012 ఏప్రిల్‌కు పూర్వము 6 మాసములుండెను. ఆ పాత లెక్కను ఇంకను నమ్మువారు కలరు. చెక్కుతో బ్యాంకి తిరిగి యిచ్చు చీటిని, తక్‌పట్టీని ఒకచోట దాచవలెను: మొదటిది తిరిగివచ్చిన కారణమును చూపును, రెండవది బాకీ నిజమని చూపును.