‘గజ్జికుక్క’ అనే మాట – పెంపుడు కుక్కల దురద: ఒక పరిశీలన

సాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, కోదాడ మాగాణులలోనూ, పొరుగున ఉన్న సూర్యాపేటలోనూ ఒళ్లు గోక్కునే ప్రతి కుక్కనూ వాడుకలో ‘గజ్జికుక్క’ అంటారు. తిట్టుగానూ స్థిరపడిన ఈ మాట వేర్వేరు వ్యాధులను ఒకే గాటన కడుతుంది. అంటువ్యాధి అన్న భయంతో కుక్కను వీధిపాలు చేయడానికీ ఇదే సాకు.

సార్కోప్టిస్ అనే సూక్ష్మకీటకం చర్మాన్ని తొలచడం వలన కలిగేదే అసలు గజ్జి. చెవి అంచులు, మోచేతులు ముందుగా పొక్కులు కడతాయి. ఎత్తుకున్నవారికీ దద్దుర్లు రావచ్చు. డెమోడెక్స్ కీటకం వలన వెంట్రుకలు రాలినా అది మనుషులకు సోకదు. అలర్జీ అసలే అంటుకోదు. ఫ్లీ అనే గెంతే పురుగు లాలాజలం పడని కుక్క తోక మొదలు కొరుక్కుంటుంది. పుప్పొడి, ఇంటి ధూళి పడనిది తరచుగా పాదాలు నాకుతుంది. ఆహారమే కారణమా అన్నది తేల్చడానికి రక్తపరీక్ష కంటె, మునుపెన్నడూ తినని మాంసంతో సుమారు 8 వారాల పథ్యం, ఆపై పాత తిండి తిరిగి పెట్టి చూడడం నమ్మదగిన పద్ధతి.

వాడిన ఇంజనాయిలు పూత మాత్రం వైద్యం కాదు. కుక్క దానిని నాకుతుంది, అది విషం. ఫ్లీ గుడ్లు పక్కగుడ్డలలో, నేల పగుళ్లలో ఉంటాయి కనుక గుడ్డలను వేడినీట ఉతకాలి, ఇంటిలోని కుక్కలన్నింటికీ పశువైద్యుని సూచనతో ఒకేసారి మందు వేయించాలి.