అడవినిప్పు జాడ - ముందుగా తెలిసికొను మార్గము

మద్దికెర పంచాయతీ సభ్యులతో దావానలమును గూర్చి ప్రస్తావించినచో, "మాకు అడవి యెక్కడిది? ఉన్నవి మెట్టచేలు, బోడిగుట్టలు" అని బదులు వచ్చుట సహజము. ఆ మాట కొంతవఱకు నిజమే. కాని ప్రతి వత్సరము ఉగాదికి ముందు కర్ణాటకమునుండి వేలకొలది భక్తులు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల మీదుగా కాలినడకన శ్రీశైలమునకు పోవుచుందురు. మన పల్లెలవారును వారితో కలియుదురు. ఆత్మకూరు దాటి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు దారిలో వారు నల్లమలను నడచు దినములే ఆకు రాలి, గడ్డి యెండి, అడవి నిప్పునకు సిద్ధముగా నుండు దినములు. 2018 మార్చిలో తమిళనాడునందలి తేని జిల్లా కురంగణి కొండలలో కాలినడకన పోవుచున్నవారిని మంటలు చుట్టుముట్టగా ఇరువదిమందికి పైగా మరణించిరి.

నిప్పు పుట్టగల చోటును ముందుగా చెప్పుట ఒక పని. పుట్టిన నిప్పును కనిపెట్టుట వేఱొక పని. మొదటిదానికి భారత వాతావరణ శాఖ వర్షము, ఉష్ణోగ్రత, గాలిలోని తేమ మున్నగు వివరముల నందించును. డెహ్రాడూనునందలి భారత అటవీ సర్వేక్షణ సంస్థ వీనికి అడవి స్వభావమును, పూర్వము నిప్పంటుకొనిన చోట్లను జోడించి అపాయకరమైన ప్రాంతములను రాష్ట్రములకు తెలుపును. ఇది వానజోస్యము వంటిది కాదు. వాన తనంతట తాను కురియును; మన దేశమున అడవినిప్పులలో అత్యధిక భాగము మనుష్యుల చేతిమీదుగనే పుట్టుచున్నవి. ఆర్పక విడిచిన పొయ్యి, పారవైచిన బీడీ, క్రొత్త గడ్డికై పెట్టిన మంట - ఏ శాస్త్రజ్ఞుడు వీనిని లెక్కకట్టగలడు?

రెండవ పని ఉపగ్రహములది. 2004 నుండి అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ సమాచారముతో హెచ్చరికల నిచ్చుచున్నది. 2019లో ఈ పద్ధతిని మెరుగుపఱచిరి. విర్స్ అను పరికరము నేలను 375 మీటర్ల గళ్లుగా చూచి, చుట్టుప్రక్కలకంటె మించిన వేడిమి యున్న గడిని గుర్తించును. హైదరాబాదునందలి జాతీయ దూరసంవేదన కేంద్రమువారు షాద్‌నగరులో ఇట్టి ఉపగ్రహ సంకేతములను గ్రహింతురు. అటవీ సర్వేక్షణవారు వానిని అడవి సరిహద్దులతో సరిచూచి, ఏ బీటులో మంట యున్నదో అటవీ సిబ్బందికి సెల్‌ఫోను సందేశము పంపుదురు.

ఐనను ఇట్టి ఉపగ్రహము మన నెత్తిమీదుగా మధ్యాహ్నము ఒకటిన్నర ప్రాంతమున ఒకసారి, రాత్రి అదే వేళకు మరొకసారి పోవును. మూడు గంటలకు అంటుకొనిన మంటను అది నడిరేయి గాని చూడదు. మబ్బు పట్టినచో అదియు సందేహమే. ఆ నడుమ గంటలలో పొగను చూడవలసినవాడు నేలమీది మనిషి - అటవీశాఖ నియమించిన చెంచు కావలివాడు, గొఱ్ఱెలకాపరి, యాత్రికుడు. సందేశము ఎంత వేగముగా వచ్చినను, దానిని చదువవలసినవాని ఫోను మూగవోయినచో దానివలన ఫలమేమి?

శాఖల మధ్య ఎడమును తగ్గింపవలసి యున్నది. రిజర్వు అడవి అటవీశాఖది, పోరంబోకు గుట్ట రెవిన్యూవారిది, దిగువ చేను రైతుది; మంటకు సర్వే నంబరు తెలియదు. 2022లో జిల్లాల పునర్విభజనతో ఆత్మకూరు అడవులు నంద్యాల జిల్లాలోనికి పోయినవి. కావున ఆదోనిలో బయలుదేరిన భక్తుని సమాచారము రెండు జిల్లాల అధికారులు పంచుకొనవలసినదే. 2014 మార్చిలో తిరుమల శేషాచలము కాలినప్పుడు అటవీ, అగ్నిమాపక సిబ్బందికి తోడు వైమానిక దళపు హెలికాప్టర్లును రావలసివచ్చెను. అంతదూరము పోకముందే ఫోను మ్రోగుట చౌక.

పంచాయతీ చేయగల పని స్వల్పమేమియు కాదు. అటవీ సర్వేక్షణవారి హెచ్చరికలకు సామాన్యులును తమ సెల్‌ఫోను నంబరును నమోదు చేసికొనవచ్చును. సర్పంచి గాని కార్యదర్శి గాని ఆ పని చేయవలెను. భక్తులకు అన్నదానము చేయు పందిళ్లలో, అడవిలో పొయ్యి పెట్టవద్దనియు, బీడీ కాల్చవద్దనియు తెలుగున, కన్నడమున చాటింపవలెను. గడ్డివాములకు, చేలగట్లకు మంట అంటుకొనినప్పుడు ఉపగ్రహముకొఱకు ఎదురుచూడక వెంటనే అగ్నిమాపక కేంద్రమునకు 101, లేదా 112 నంబరునకు ఫోను చేయవలెను. అప్పుడు "గుట్టకాడ కాలుచున్నది" అనుట చాలదు. ఊరి పేరు, గుట్ట పేరు, దగ్గఱి వంక లేక రైలుగేటు, గాలి ఏ దిక్కునకు వీచుచున్నది, బండి ఎంతవఱకు రాగలదు - ఇవి చెప్పినచో వచ్చువారు దారి వెదకుకొను పని తప్పును.